తెల్ల కాగితం మీద మొదటి సంతకం

మా పంచాయతీ సచివ్ మీద, అదే కార్యదర్శి మీద, నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు. పోయిన వారం ఆయన మా ఇంటి ముందు బండి ఆపి మంచినీళ్లు అడిగితే చెంబుతో తెచ్చిచ్చాను. దాహమన్నవాడికి నీళ్లు లేవనడం మా ఇంట్లో లేదు. కూర్చోమని మాత్రం అనలేదు. ఆయన చెంబు గట్టు మీద పెట్టి, "ఇంకా కోపమేనా దీదీ" అన్నాడు. నేను చెంబు తీసుకొని లోపలికి వచ్చేశాను.

మా ఊరు తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని అవతలి వైపు, హిందీ రాష్ట్రంలో ఉంటుంది. కిష్టారం రోడ్డు వదిలి అడవిలోకి దిగితే వస్తుంది. ఇంట్లో మాది తెలుగు, పక్కింటి వాళ్లది దోర్లి, సంతకు పోతే గోండీ, హల్బీ, ఆఫీసు మెట్లెక్కితే హిందీ. అయిదు భాషల్లో బతుకుతాం గానీ రాతకోతలన్నీ ఆ ఒక్క హిందీలోనే. నేను భద్రాచలం హాస్టల్లో పది దాకా చదివాను. పెళ్లై ఇక్కడికొచ్చాక హిందీ పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ చదువు చూసే కిందటి ఎన్నికల్లో నన్ను వార్డు పంచ్‌గా గెలిపించారు. నా మీద నిలబడి ఓడిపోయినామె మా ఊళ్లోనే కుట్టుమిషన్ పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. ఎనిమిది దాకా చదివింది. ఆ ఎన్నికల తర్వాత మేమిద్దరం ఎదురుపడితే ఆమె ఆకాశం వైపు చూసేది, నేను నేల వైపు చూసేదాన్ని.

సచివ్ చేసిన పని చెప్పే ముందు మా వాళ్ల వేలిముద్ర సంగతి చెప్పాలి. లేకపోతే ఊరంతా తెలివితక్కువ వాళ్లమనుకుంటారు. మాకు సర్కారు వేలిముద్ర అలవాటైంది రోడ్డు పనుల దగ్గర, చెరువు పనుల దగ్గర. పొద్దున్నే పోగానే ముందు హాజరీ పుస్తకంలో వేలు పెట్టాలి, ఆ తర్వాతే పార పట్టుకోవాలి. వేలు పెట్టడమంటే వచ్చామని చెప్పడం, అంతే. ఒప్పుకోవడం అన్నది నోటితో చేసే పని. మా ఊళ్లో ఒక మాట తెగాలంటే అందరూ గుండ్రంగా కూర్చోవాలి, ముసలీ ముతకా ఒక్కొక్కరూ నోరు విప్పి చెప్పాలి. ఎవరైనా మూతి ముడుచుకొని కూర్చుంటే ఆ మాట మళ్లీ మొదటికి రావాలి. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అలాంటి వాళ్లకు సిరా డబ్బా చూపించి వేలు పెట్టమంటే హాజరీ వేయించుకుంటున్నారనే అనుకుంటారు. పెట్టి, సిరాను తల వెంట్రుకలకు తుడుచుకొని పోతారు.

ఈ అలవాటు సచివ్‌కు మాకంటే బాగా తెలుసు. ఎన్నేళ్ల నుంచో మా పంచాయతీలోనే ఉన్నాడు మరి.

మిరపకాయలు ఏరే కాలంలో మా ఊరు సగం ఖాళీ అవుతుంది. ఖమ్మం వైపు రైతులు వ్యాన్లు పంపిస్తారు, వంట సామాను మూటలు కట్టుకొని రెండు నెలలకు పోతాం. సరిగ్గా వ్యాను వచ్చిన రోజు పొద్దున్నే గ్రామసభ అని ఊరి తలారి లాంటి కోట్వార్ చేత డప్పు కొట్టించాడు సచివ్. స్కూలు వరండాలో బల్ల వేసుకొని, రిజిస్టర్ తెరిచి కూర్చున్నాడు. పేజీ పైభాగం తెల్లగా ఉంది. రోడ్డు మీద వ్యాను డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"దీదీ, మీరు చదువుకున్నవాళ్లు. ముందు మీరు పెట్టండి, వెనక వాళ్లు పెడతారు" అన్నాడు సచివ్ తన హిందీ తెలుగులో.

నేను పెట్టాను. ఏం చేయను, వ్యాను పోతే రెండు నెలల పని పోతుంది. పైన ఏం రాస్తావని అడిగాను కూడా. "రోజూ ఉండేదే, రోడ్డు, నల్లా, తర్వాత రాసుకుంటా" అన్నాడు. హిందీ అక్షరాల్లో, చివర ఒక గీత లాగి మరీ సంతకం చేశాను. నా వెనకే పక్కింటి పెద్దమ్మ వేలు పెట్టింది, ఆ వెనక మిగతా వాళ్లు. గోడకు ఆనుకొని నిలబడ్డ కుట్టుమిషన్ ఆమె మాత్రం పెట్టకుండా వెళ్లిపోయింది. నాకు ఎడ్డెం తెడ్డెంగా ఉండటం ఆమెకు అలవాటేలే అనుకున్నాను. వ్యానెక్కేటప్పటికి ఆ సంగతే మరిచిపోయాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. దోర్ల మనిషి, మా గోడకవతల గుడిసె. భర్త పోయాడు, పిల్లలు దక్కలేదు. రేషన్ కార్డు మీద ఆమె పేరొక్కటే ఉంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అడవి చూపించింది ఆమె. ఏ దుంప తినాలో, ఏది ముట్టకూడదో ఆమే చెప్పింది. తనకున్న చెక్కలో పండే జొన్నలు చలికాలం దాటవు. తర్వాతదంతా రేషన్ బియ్యమే. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మిగతా గొడవంతా ఆ బియ్యం కోసమే.

మిరప పని నుంచి తిరిగొచ్చేసరికి స్కూలు పక్కన రేషన్ గదికి తాళం వేసి ఉంది. మధ్యాహ్నం ఎండలో పెద్దమ్మ వాగు దాటి వస్తూ కనిపించింది, నెత్తిన ఖాళీ సంచి.

"ఏంది పెద్దమ్మా, ఎక్కడికి పోయినవ్?"

"బియ్యానికి. జాగ మారిందంట గద. వాగవతల ఊర్ల ఇస్తున్నరు."

"మరి బియ్యమేవి?"

"మిషన్ల నా వేలు వడతలేదు. రేపు రమ్మన్నడు. నిన్న గూడ రేపే అన్నడు."

మర్నాడు ఆమె వెంట నేనూ వెళ్లాను. ఇసుకలో నడిచి, గట్టెక్కి, మళ్లీ అడవిలో నడిచి, వెళ్లేసరికే పొద్దు నడినెత్తికొచ్చింది. దుకాణమతను మిషన్ ఆమె ముందుకు తోశాడు. బొటనవేలు పెట్టింది, ఎర్ర దీపం వెలిగింది. చూపుడువేలు పెట్టింది, ఎర్ర దీపమే. సబ్బుతో కడిగి రమ్మన్నాడు. కడిగి, నూనె తలకు వేలు రాసుకొని, మళ్లీ పెట్టింది. ఎన్నేళ్లుగానో తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి, కట్టెలు కొట్టిన వేళ్లు అవి, వాటి మీద గీతలెక్కడివి? ఏడోసారో ఎనిమిదోసారో పచ్చ దీపం వెలిగింది. ఇంకొకరి వేలు పెడదామంటే కార్డులో ఇంకొకరు లేరు. నెలనెలా ఆమే రావాలి, ఆమే మొయ్యాలి.

నేను దుకాణమతని మీద విరుచుకుపడ్డాను. ఎవరినడిగి మార్చారు, వానలు పడితే మా వాగు నాలుగు నెలలు దాటలేమని తెలియదా అని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "మీ గ్రామసభే రాసిచ్చింది, నన్నెందుకు తిడతావు" అన్నాడు.

ఆ కాగితం నకలు కోసం బ్లాకు ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. ఎర్రబోరు దాకా ఆటో, అక్కణ్నుంచి బస్సు. మొదటిసారి గుమాస్తా భోజనానికి వెళ్లాడు, సాయంత్రం దాకా తిన్నాడు. రెండోసారి బీరువా తాళంచెవి ఇంకొకాయన దగ్గర ఉంది. మూడోసారి నేను అక్కడే గడప మీద కూర్చొని, తెచ్చుకున్న జావ తాగి, నకలు చేతికి వచ్చేదాకా లేవనని హిందీలో, తెలుగులో రెండింట్లో చెప్పాను. ప్రజల కోసం పెట్టిన ఆఫీసు అని బయట బోర్డు ఉంది. లోపల మాత్రం ప్రజ కనపడితే పామును చూసినట్టు చూస్తారు.

నకలు బస్సులో చదివాను. రేషన్ గది శిథిలమైందట. దుకాణాన్ని వాగవతలి ఊరికి మార్చాలని గ్రామస్థులే కోరారట. అందరూ ముక్తకంఠంతో ఒప్పుకున్నారట. కింద వేలిముద్రలు, అన్నిటికంటే పైన చివర గీత లాగిన నా సంతకం. ఒళ్లు మండిపోయింది. సచివ్‌ను తిట్టిన తిట్లకు పక్క సీటు ఆమె లేచి ముందుకెళ్లి కూర్చుంది. గది గోడకు ఒక పగులుందన్న మాట నిజమే. దానికి కావలసింది రెండు తట్టల సిమెంటు. దుకాణమతని ఇల్లు వాగవతల ఉంది, ఇక్కడిదాకా రోజూ రావడం అతనికి కష్టం. కారణం అది, సాకు గోడ.

ఫిర్యాదు నేనే రాశాను. వేసవి మొదట్లో విచారణకు ఒక అధికారి జీపులో వచ్చాడు. స్కూలు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని రిజిస్టర్ ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన సచివ్ చేతులు కట్టుకొని, గడ్డం ఛాతీకానించి నిలబడ్డాడు, ఎంత మంచివాడో. మా వాళ్లు వరసగా వచ్చారు. అధికారి హిందీలో అడుగుతుంటే కోట్వార్ మా మాటల్లో చెబుతున్నాడు. ఒకటే ప్రశ్న.

"ఈ వేలు నీదేనా?"

"నాదే."

"నువ్వే పెట్టినవా, ఎవరన్న బలవంతంగ పెట్టించిన్రా?"

"నేనే పెట్టిన."

తర్వాతి మనిషి. నాదే. ఆ తర్వాతి మనిషి. నాదే. పైన ఏమీ రాసి లేదని చెప్పండయ్యా, పైన ఏముందో ఎవరూ చదవలేదని చెప్పండి అని వెనక నుంచి అరిచాను. అధికారి నన్ను ఊరుకోమన్నాడు, అడిగినదానికే జవాబు కావాలన్నాడు. ఒక ముసలాయనను నేను పక్కకు లాగి, "నాది గాదని చెప్పు తాతా" అన్నాను. నేనే అన్నాను, దాచుకోవడం ఎందుకు.

"నా వేలును నాది గాదని ఎట్ల జెప్పాలె బిడ్డా" అన్నాడాయన.

పెద్దమ్మ వంతు వచ్చింది. రిజిస్టర్‌లో తన ముద్ర చూసి, ఒంగి ఇంకా దగ్గరగా చూసింది. "నాదే. ఎంత మంచిగ వడ్డది సూడు. గీ పుస్తకంల గింత మంచిగ వడ్డ వేలు ఆ మిషన్ల ఎందుకు వడతలేదో అడుగు సారును" అంది కోట్వార్‌తో. కోట్వార్ అది సారుకు చెప్పలేదు. చెప్పే ధైర్యం వాడికి లేదు.

చివరికి నన్ను పిలిచాడు. "మీరు పంచ్. పది చదివారు. ఈ సంతకం మీదేనా?"

"నాదే. పైన తెల్లగా ఉన్నప్పుడు పెట్టాను."

"తెల్ల కాగితం మీద సంతకం పెట్టే పంచ్‌ను నేను ఇంతవరకు చూడలేదు" అని నవ్వాడు. సచివ్ నవ్వలేదు గానీ మీసం కింద ఏదో కదిలింది. ఫిర్యాదు నిజం కాదని అధికారి రాసుకున్నాడు. జీపెక్కుతూ, నన్ను వదిలించుకోవడానికే అన్నట్టు, "గ్రామసభ రాసింది నేను కొట్టెయ్యలేను. కావాలంటే గ్రామసభలోనే ఇంకోటి రాసుకొని పంపండి" అన్నాడు.

ఆ రోజు నేను ఊరందరి మీదా మండిపడ్డాను. ఒక్కరికీ నోరు లేదు, నా పరువు తీశారు, మీ కోసం నేను బస్సుల్లో చస్తుంటే మీరు మేకల్లా తలలూపి వచ్చారు అన్నాను. ఆ సాయంత్రం నుంచి పెద్దమ్మ మా ఇంటికి ఉప్పు అడగడానికి రాలేదు. అంతకుముందు ఆమె ఉప్పు కోసం రాని రోజు నాకు గుర్తులేదు.

తిట్టినందువల్ల బియ్యం రావు గనక అధికారి విసిరేసి పోయిన ఆ మాటనే పట్టుకున్నాను. గ్రామసభ పెట్టమని పంచాయతీకి అర్జీ ఇచ్చాను. సచివ్ ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి రిజిస్టర్ ఆడిట్‌కు పోయిందన్నాడు. మూడోసారి మేం ఆడవాళ్లమంతా తునికాకు కట్టలతో సహా పోయి ఆయన ముందు కూర్చున్నాం. కట్టలు కడుతూనే ఉన్నాం. చీకటి పడకముందే తేదీ రాసిచ్చాడు.

అప్పటికి ఎండలు ముదిరాయి. ఇంకో మూడు వారాలు ఆగితే వాగొస్తుంది. వాగొస్తే పెద్దమ్మ బియ్యం సంగతి అంతే. దుంపలు తవ్వుకొని బతుకుతాలే అని ఆమె తేలిగ్గా అంటుంది. కిందటేడు జ్వరమొచ్చాక కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునే మనిషి అడవిలో ఏం తవ్వుతుంది?

సభ రోజు వరండా నిండింది. ఈసారి బల్ల మీద రిజిస్టర్ ఉంది గానీ సిరా డబ్బా నా కొంగులో ఉంది. ముందు మాట, తర్వాతే వేలు అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. మా పద్ధతిలోనే గుండ్రంగా కూర్చున్నాం. ఒక్కొక్కరూ నోరు విప్పారు. దుకాణం మన గదిలోకే రావాలి, గోడ పగులు మేమే పూడ్చుకుంటాం అన్నారు. సచివ్ తల వంచుకొని రాశాడు. రాశాక నేను రిజిస్టర్ లాక్కొని హిందీలో పైకి చదివి, తెలుగులో, నాకొచ్చిన దోర్లిలో చెప్పాను. రేషన్ దుకాణాన్ని పాత ఊరికి తిరిగి తేవాలని గ్రామసభ తీర్మానించింది, అదీ సంగతి. నా గొంతులో గెలిచిన గర్వం ఉంది. ఎందుకుండదు, అంత తిరిగాను మరి.

కొంగు విప్పి సిరా డబ్బా తీసి పెద్దమ్మ ముందు పెట్టాను. మొదటి వేలు ఆమెదే కావాలని నా ఆశ.

పెద్దమ్మ చెయ్యి చాపలేదు. గుప్పిట మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏంది పెద్దమ్మా, పెట్టు."

"ఇంకొకరు జదవాలె."

"నేను చదివిన గద, విన్నవ్ గద."

"నువ్వు జదివినవ్. ఇంకొకరు గూడ జదవాలె." చుట్టూ చూసి, గోడకు ఆనుకొని నిలబడ్డ కుట్టుమిషన్ ఆమెను చూపించింది. "గా బిడ్డకిచ్చి జదివియ్యి."

నా మొహం మాడిపోయింది. నా మీద ఓడిపోయిన మనిషి చేత, ఊరందరి ముందు, నేను చదివినదాన్ని మళ్లీ చదివించడమా? "నా మీద నమ్మకం లేదా నీకు?" అన్నాను. కోపంగానే అన్నాను.

పెద్దమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "మొన్న నేను వేలు పెట్టినప్పుడు పైన నీ సంతకం ఉండె. నువ్వు సదువుకున్నదానివి, జదివే పెట్టినవనుకున్న. నీ సంతకం జూసే పెట్టిన బిడ్డా. అందరం గట్లనే పెట్టినం" అంది.

ఆ ముసలాయన, నా వేలును నాది కాదని ఎలా చెప్పాలన్న మనిషి, నేల మీద పుల్లతో గీతలు గీస్తూ తల ఊపాడు. మేకల్లా తలలూపారని వీళ్లనే తిట్టాను. అంతకాలం నేను తిట్టిన సర్కారు జీపులో వచ్చేది, బీరువాకు తాళం వేసుకునేది. ఆ తెల్ల పేజీ మీద ఈ మనుషులకు కనిపించిన సర్కారు నేను. వాళ్ల వేళ్లు సచివ్‌ను నమ్మి పడలేదు, నన్ను నమ్మి పడ్డాయి.

రిజిస్టర్ కుట్టుమిషన్ ఆమెకిచ్చాను. ఆమె నావైపు చూడలేదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నేను గడగడా చదివిన చోట ఆమె ఆగింది. "ఇక్కడ ప్రశాసన్ వీలును బట్టి అని రాసిండు, అంటే సర్కారు వీలును బట్టి. వీలు ఎప్పుడైతదో ఎవరికెరుక?" అంది.

ఆ మాట నేనూ చదివాను. ఆఫీసు కాగితాల్లో ఎప్పుడూ ఉండే మాటే గదా అని నోటితో చదివేసి, తెలుగులో చెప్పకుండా దాటేశాను. సచివ్ ఏదో గొణిగాడు. ఊరంతా గుప్పిట మూసుకొని కూర్చుంది, ఒక్కరి వేలూ విప్పుకోలేదు. చివరికి ఆయన ఆ మాట కొట్టేసి, వానాకాలం బియ్యం రాకముందే అని రాశాడు. కొట్టేసిన చోట కుట్టుమిషన్ ఆమే పట్టుబట్టి ఆయన చేత సంతకం పెట్టించింది. మళ్లీ ఇద్దరం చదివాం, ముందు ఆమె, తర్వాత నేను. అప్పుడు పెద్దమ్మ గుప్పిట విప్పింది. బొటనవేలికి సిరా అద్దుకొని గట్టిగా ఒత్తి, వెంట్రుకలకు తుడుచుకుంది.

నేను పెన్ను తీసుకున్నాను. "నువ్వు ఆఖర్న" అంది పెద్దమ్మ.

తొలకరి పడిన వారానికి బియ్యం లారీ మా గది ముందే ఆగింది. మిషన్ పెద్దమ్మ వేలును నాలుగుసార్లు కాదని, అయిదోసారి ఒప్పుకుంది. ఆ సాయంత్రం ఆమె ఉప్పు కోసం వచ్చింది. అప్పటి సంగతి నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. తర్వాత ఎన్నో సభలు జరిగాయి. ప్రతిసారీ మేమిద్దరం చదువుతాం, ఊరు వింటుంది, వేళ్లు పడతాయి. నా సంతకం ఇప్పటికీ అందరి కిందే ఉంటుంది.